బండిలో ఊరగాయ రాయి

మార్చి 12, బుధవారం. ఎండ. సాయంత్రం సముద్రం గాలి.

ఉతికినవి: దుప్పట్లు రెండు, తలగడ గలీబులు నాలుగు. తోమింది: స్నానాల తొట్టి. ముల్లంగి పీపాలో ఉప్పునీళ్లు మార్చాను. మేడమీది గది చిహో కోసం ఖాళీ చేశాను. ఎండుచేపలు ఆరు కాల్చాను, నాలుగు ఖర్చయ్యాయి. మిగిలిన పని: కిటికీ తెరలు.

చిహో మూడు గంటల పడవకు దిగింది. ఎనిమిదో నెల. అల్లుడు షోజి ఒసాకాలోనే ఉండి ఉద్యోగం చూసుకుంటాడు, పురుడయ్యాక నెలన్నరకు వచ్చి తీసుకెళ్తాడు.

రేవు దాకా అత్తయ్య కూడా వచ్చింది, పాత పిల్లల బండి తోసుకుంటూ. చిహోను తిప్పిన బండే అది. నడుం వంగిపోయాక ఎనభై ఆరేళ్ల మనిషికి అదే ఊతం. మా వీధి ముసలమ్మల్లో సగం మంది అంతే. ఖాళీ బండి మీద బరువు మోపితే ముందు వైపు లేచిపోతుందని లోపల నా ఊరగాయ రాయి, ముల్లంగి పీపా మీద బరువుకు పెట్టేది, పెట్టుకుంటుంది.

"నా సీట్లో ఎవర్ని కూర్చోబెట్టావు నాన్నమ్మా?" అంది చిహో.

"మీ అమ్మ రాయిని. నీకన్నా బుద్ధిమంతురాలు. ఏడవదు, పాలడగదు."

ఇద్దరూ నవ్వుకుంటూ ముందు నడిచారు. నేను సామాను పట్టుకుని వెనక నడిచాను.

ఇచ్చిపుచ్చుకున్నవాటి పేజీ: షిగె పిన్ని టోఫు రెండు పలకలు ఇచ్చింది, తిరిగి నారింజలు ఇచ్చాను, సరి. ఊరగాయ రాయి, నాలుగు కిలోలు, అత్తయ్య నుంచి రావలసింది. ఆరేళ్లుగా ప్రతి నెలా కొత్త పేజీలోకి ఎక్కిస్తున్నాను. ఈ నెలా ఎక్కించాను.

మార్చి 15, శనివారం. మబ్బు.

ఇమబారిలో పిల్లల సామాన్ల పెద్ద కొట్టుకు వెళ్లాం, మా ఆయన కారు నడిపారు. మూడు కిలోల బియ్యం సంచి వెంట తీసుకెళ్లాను. పదకొండు బండ్లలో ఒక్కొక్కదాంట్లో సంచి పెట్టి, కొట్టు బయట గులకరాళ్ల మీద పదేసి అడుగులు తోశాను.

"అమ్మగారూ, బియ్యం మా దగ్గర దొరకవండీ," అన్నాడు అమ్మే అబ్బాయి.

"ఇది బియ్యం కాదు. పాప."

"అయ్యో, మొహం కూడా చూడలేదు. ఎవరి పోలికండీ?"

చిహో బెంచీ మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. ఒక తేలిక బండి చూపించింది. చిన్న చక్రాలు నాలుగు, మడిస్తే గొడుగంత, బరువు ఐదు కిలోల లోపే. గులకరాళ్ల మీద అది గిలక్కాయలా కొట్టుకుంది.

మూడు చక్రాలది మాత్రం నీళ్ల మీద పోయినట్టు పోయింది. పెద్ద చక్రాలు, గాలి నింపినవి. ముందు చక్రం ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, ఒక్క వేలితో మలుపు తిప్పొచ్చు. దాని పక్కన ఎర్ర మీట ఉంది. కిందికి నొక్కితే చక్రం తిన్నగా బిగిసిపోతుంది. "దిగుడులో, రాళ్లలో ఇది నొక్కడం మరిచిపోకండి. లేకపోతే చక్రం దాని ఇష్టం, మీ ఇష్టం కాదు," అన్నాడు అబ్బాయి. రాసుకున్నాను: ఎర్ర మీట, దిగుడులో తప్పనిసరి.

"అమ్మా, ఇది పదకొండు కిలోలు. మాది నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు," అంది చిహో.

"షోజి మోస్తాడు."

"షోజి ఇంటికొచ్చేది రాత్రి పదింటికి. పదింటికి పిల్లని షికారు తిప్పాలా?"

"మన వీధి రాళ్ల మీద ఆ చిన్న చక్రాలు పనికిరావు."

"నేనుండేది మన వీధిలో కాదు కదమ్మా."

"నెలన్నర ఉంటావు కదా."

"మీరిద్దరూ తేల్చేలోపు పిల్ల నడిచి స్కూలుకెళ్తుంది," అన్నారు ఆయన.

మూడు చక్రాలదే తీసుకున్నాం. కారణాలు: చక్రాలు పెద్దవి, ఊగదు, ఎక్కువ కాలం మన్నుతుంది. మొదటి మనవరాలికి బండి కొనేది అమ్మమ్మ తాతలే, ఎక్కడైనా.

పిడి ఎత్తుకు నాలుగు మెట్లున్నాయి. మూడోది నా నడుముకు సరిగ్గా సరిపోయింది. చిహో నాకన్నా పొడుగు, తనకు నాలుగోది కావాలి. మూడో దాని మీదే పెట్టించి తెచ్చాను.

మార్చి 17, సోమవారం. ఎండ.

కిటికీ తెరలు ఉతికాను. బట్టలు పద్నాలుగు. చెప్పుల అలమర తుడిచాను.

గుమ్మం లోపల చెప్పులు విడిచే జాగా కొలిచాను. వెడల్పు 118 సెంటీమీటర్లు. పాత బండి 57, కొత్తది 64. మొత్తం 121. మూడు సెంటీమీటర్లు తక్కువ. రెండుసార్లు కొలిచాను. కొలత కొలతే.

బయట పెడితే ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. పాతది ఎలాగూ తుప్పు పట్టిందే. వెనక ఎడమ చక్రం ఊగుతోంది. ఎప్పుడో ఒకనాడు అత్తయ్యను పడేస్తుంది. ఇది అత్తయ్య మంచికే.

మార్చి 19, బుధవారం. ఎండ.

పెద్ద సామాను చెత్తలో పారేసేటప్పుడు అతికించే చీటీ కొన్నాను. ఇంటిపేరు స్పష్టంగా రాయాలని నియమం. ఒచి అని రాశాను. రేపు గురువారం, అత్తయ్యను ఎనిమిదిన్నరకే పెద్దల కేంద్రం వ్యాను తీసుకెళ్తుంది.

మార్చి 20, గురువారం.

తొమ్మిది ఇరవైకి లారీ వచ్చింది.

రాయిని ముందే తీసి గుమ్మం పక్కన పెట్టాను. మూడింటికి అత్తయ్య వచ్చి ముందు రాయినే చూసింది.

"నా బండేది?"

"ఎడమ చక్రం ఊగుతోంది కదా అత్తయ్యా. రిపేరుకిచ్చాను, ఇమబారిలో."

"ఎప్పుడిస్తారట?"

"చెప్పలేదు."

రాయి మీద చెయ్యేసి, పిల్ల తల నిమిరినట్టు నిమిరి లోపలికెళ్లింది.

సాయంత్రం అత్తయ్యకు షిగె పిన్ని నుంచి ఫోను. రేవుకు దిగే వీధిలో టోఫు కొట్టు ఆవిడది, అత్తయ్యకు చిన్ననాటి స్నేహితురాలు. అత్తయ్య చాలాసేపు విన్నది. "అలాగా," అని మూడుసార్లు అంది. వంటింట్లోంచి వినబడినంత ఇదే.

మార్చి 21, శుక్రవారం. సెలవు. చలిగాలి.

మామయ్య సమాధికి వెళ్లాం. కారు పోయినంత మేర కారులో, మిగతా రాళ్లదారి ఆయన తల్లిని వీపున మోశారు. అత్తయ్య రోజూ ఆ దారినే బండితో వెళ్లి పూలనీళ్లు మార్చి వచ్చేది.

"బరువుగా ఉన్నానా?"

"సగం బియ్యం బస్తా కూడా తూగవు అమ్మా."

"అయితే నీ పెళ్లాం నన్నూ గులకరాళ్ల మీద తోసి చూడొచ్చు."

ఆయన నవ్వారు. తిరిగొచ్చేటప్పుడు నన్నడిగింది, బండి వచ్చిందా అని. ఇవాళ సెలవు కదా అన్నాను.

మార్చి 24, సోమవారం.

అడిగింది. ఆ రకం చక్రం దొరకలేదట అన్నాను.

మార్చి 26, బుధవారం. వాన.

అడిగింది. మేస్త్రీ ఊరెళ్లాడన్నాను.

చేతికర్ర కొనిచ్చాను, రబ్బరు అడుగున్నది, మంచిది. "నాకు రెండు చేతులున్నాయి, దీనికి ఒకటే తల. రెండోది ఎక్కడ పెట్టుకోను?" అంది. గొడుగుల పక్కన పెట్టేసింది.

ఏప్రిల్ 2, బుధవారం. ఎండ.

పాత తెరల కడ్డీ ఎలా పారెయ్యాలో కనుక్కుందామని చెత్త కేంద్రానికి ఫోన్ చేశాను. మాటల్లో అది కూడా అడిగాను. పోయిన నెల ఇరవయ్యో తారీకున వచ్చిన సామాను ఉంటుందా అని. "రెండు రోజుల్లో నలిపేస్తామమ్మా. ఏమన్నా విలువైంది పారేసుకున్నారా?" అన్నాడు. లేదు, కడ్డీ గురించి అన్నాను.

అత్తయ్య అడిగింది. మేస్త్రీ కూతురి పెళ్లి అన్నాను.

"ఏ ఊరు సంబంధం?"

"కోచి అట."

"దూరమే," అంది అత్తయ్య.

ఏప్రిల్ 9, బుధవారం. ఎండ. చెర్రీ పూలు రాలిపోతున్నాయి.

బట్టలు పన్నెండు. మెట్లు తుడిచాను. సోయా ముద్ద, మిసో, డబ్బా మార్చాను.

తొమ్మిదయ్యేసరికి అత్తయ్య చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చుంటోంది. ఒక పక్క రాయి, ఒక పక్క కొత్త బండి, ఇంకా ప్లాస్టిక్ కాగితం తియ్యలేదు. పదింటికి చూశాను, అక్కడే ఉంది. పదకొండుకీ అక్కడే. పన్నెండుకు చెప్పులు విప్పి భోజనానికి వచ్చింది.

ఎండ తగులుతోంది, ఒంటికి మంచిదే.

ఏప్రిల్ 18, శుక్రవారం. ఎండ.

తెల్లవారుజామున నాలుగు పదికి ఆడపిల్ల. మూడు వేల నలభై గ్రాములు. బియ్యం సంచి కన్నా నలభై గ్రాములు ఎక్కువ. చిహో క్షేమం. ఇవాళ ఇంకేమీ చేయలేదు.

ఏప్రిల్ 24, గురువారం.

పేరు తమకి. సెలవు పెట్టి వచ్చిన షోజి కాగితం మీద రాసి గోడకు అంటించాడు. అత్తయ్య కేంద్రం నుంచి వచ్చి చూసి, నన్ను చూపిస్తూ, అక్షరాలు వంకరగా ఉన్నాయి, మిత్సుయో చేత రాయించాల్సింది, మిత్సుయో చేతిరాత ముత్యాలు అంది. నాకు చెవులు వేడెక్కాయి. ఎందుకో తెలియదు.

మే 18, ఆదివారం. చిరుజల్లు.

పాపకు నెల నిండింది. గుడికి వెళ్లాం. షోజి తల్లి ఒసాకా నుంచి వచ్చి పాపను ఎత్తుకుంది. గుడికి మొదటిసారి ఎత్తుకెళ్లేది తండ్రి వైపు నాయనమ్మే, అది ఆచారం. చిహోకు నెల నిండినప్పుడు అత్తయ్య ఎత్తుకుంది, నేను గొడుగు పట్టాను. ఇవాళ కూడా గొడుగు నేనే పట్టాను.

ఆ రోజుల్లో పొద్దున తొమ్మిదింటికి నేను పాలిచ్చి పడుకోబెట్టగానే అత్తయ్య చిహోను బండిలో వేసుకుని వెళ్లిపోయేది. పన్నెండుకు తెచ్చేది. రెండేళ్లు రోజూ. ఊరంతా అత్తయ్య పేరు పెట్టి తొమే మనవరాలు అనేవాళ్లు. మిత్సుయో కూతురు అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానో. గొడుగు ఆరబెట్టాలి.

మే 20, మంగళవారం. ఎండ.

మొదటిసారి తమకిని బండిలో తిప్పాను. తొమ్మిదింటికి బయల్దేరాను.

అత్తయ్య గుమ్మంలో ఉంది. "నేనూ వస్తాను. ఓ పక్క పట్టుకుని నడుస్తాను," అంది.

"ఇది మూడు చక్రాలది అత్తయ్యా. ఊతానికి పనికిరాదు. మీరు ముట్టుకోకండి."

చెప్పులు విప్పేసింది.

పాప నిద్రపోయింది. రాళ్ల మీద ఒక్క కుదుపు లేదు. షిగె పిన్ని కొట్టులోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమ్మా మిత్సుయో, కొత్త బండా? విమానంలా ఉందే! మరి పాతదేదీ?"

"రిపేరుకిచ్చాం పిన్నీ."

"ఓహో. రిపేరా," అంది. పాపను కూడా సరిగ్గా చూడలేదు. రోజూ అత్తయ్య కూర్చునే చెక్కపెట్టె కొట్టు ముందే ఉంది, దాని మీద మెత్త వేసి ఉంది.

పన్నెండు దాకా తిరుగుదామనుకున్నాను. పదింపావుకే తిరిగొచ్చాను. ఎండ ఎక్కువైంది.

మే 27, మంగళవారం.

ఉతికిన బట్టలు పద్నాలుగు. తొమ్మిదిన్నరకు పెరట్లో ఆరేస్తున్నాను. చిహో మేడమీద పాపకు పాలిస్తోంది. తొమ్మిది నలభైకి షిగె పిన్ని నుంచి ఫోను.

పరిగెత్తాను. కొట్టు దగ్గర దిగుడులో మూడు చక్రాల బండి గోడకు ఒరిగి ఉంది. అత్తయ్య చెక్కపెట్టె మీద కూర్చుని ఎడమ చెయ్యి టోఫు నీళ్ల బొచ్చెలో పెట్టుకుని ఉంది. మణికట్టు ఉబ్బిపోయింది. నన్ను చూడగానే అడిగింది:

"బండికి గీతలు పడ్డాయా? చూడు మిత్సుయో. పాపది కదా."

సీట్లో తన తువ్వాలు మడత పెట్టి పరుచుకుంది, రాయి ఒరిపిడికి గుడ్డ పాడవకుండా. రాయి దొర్లుకుంటూ రేవు గోడ దాకా పోయింది. షిగె పిన్ని రెండు చేతులతో మోసుకొచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది.

"నీ రాయి," అంది.

ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టు. ఎలా పడ్డారని డాక్టరు అడిగితే, "నా కాలే నాకు అడ్డమొచ్చింది, ఇంకెవరొస్తారు," అంది అత్తయ్య.

బండిని నేనే ఇంటికి తోసుకొచ్చాను. ఎర్ర మీట పైకి ఉంది. అంటే చక్రం వదులుగా ఉంది. ఆ దిగుడులో అది గిర్రున తిరిగి ఉంటుంది.

అత్తయ్యకు మీట గురించి తెలియదు. నాకు తెలుసు. మార్చి 15న నా చేత్తో రాసుకున్నాను. ఇప్పుడు తీసి చూశాను. తప్పనిసరి అని ఉంది.

మే 28, బుధవారం. మబ్బు.

ఏ పనీ లెక్క రాయలేదు.

కొత్త బండిని మడిచి కొలిచాను. 39 సెంటీమీటర్లు. పాతది 57. మొత్తం 96. జాగా 118. ఇంకా ఇరవై రెండు మిగిలేది.

మడిచి కొలవాలని అప్పుడు తోచలేదు అని రాశాను. కొట్టేశాను.

తోచింది.

మే 30, శుక్రవారం. ఎండ.

పొద్దున అత్తయ్య వంటింట్లో ఒంటి చేత్తో చిక్కుడుకాయలు వలుస్తోంది. కట్టున్న చెయ్యి బల్ల మీద కాయల బరువుకు పెట్టుకుంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"అత్తయ్యా, బండి రిపేరులో లేదు."

"తెలుసు."

"పారేశాను."

"అదీ తెలుసు. ఇరవయ్యో తారీకు పొద్దున్నే చెత్త పెట్టే చోట షిగె చూసింది. చీటీ మీద ఒచి అని ఎంత చక్కగా రాసిందే మీ కోడలు అంది ఫోన్లో. బండి లారీ ఎక్కేసిందట అప్పటికే. లేకపోతే షిగె ముసలిదైనా లాక్కుని దాచేసేది."

కాయలు వలుస్తూనే ఉంది. గింజ ఒకటి కింద పడితే నేను తీసి ఇచ్చాను.

"మరి రోజూ నన్నెందుకు అడిగారు?"

"నువ్వేం చెప్తావోనని. ఒకరోజు చక్రం దొరకలేదన్నావు. ఒకరోజు మేస్త్రీ ఊరెళ్లాడన్నావు. తర్వాత ఆయన కూతురికి కోచి సంబంధం కుదిర్చి పెళ్లి కూడా చేశావు. ముప్పై రెండేళ్లయింది నువ్వీ ఇంటికొచ్చి. నాతో ఇన్ని కబుర్లు ఎప్పుడు చెప్పావే?"

నాకు నవ్వు రాలేదు. అత్తయ్య కూడా నవ్వలేదు.

"కోపంగా లేదా?"

"ఎందుకుండదు? నా కాళ్లు పారేశావు. తొమ్మిదికి చెప్పులేసుకుని కూచుంటే చూశావు. పదింటికొచ్చి చూశావు. పదకొండుకొచ్చి చూశావు. ఇవాళ చెప్తుంది, రేపు చెప్తుంది అనుకున్నాను. నువ్వు చెప్పలేదు, నేను ఆగలేకపోయాను."

అప్పుడు అనేశాను. అనాలని అనుకోలేదు. "మీరు నా కూతుర్ని రోజూ తీసుకెళ్లిపోయేవారు. అదే బండిలో."

అత్తయ్య చెయ్యి ఆగింది.

"నువ్వు పడుకుంటావని తీసుకెళ్లేదాన్ని."

"ఏమిటీ?"

"నిద్రలేక పాలు తగ్గుతున్నాయని మంత్రసాని చెప్పింది. పిల్ల ఇంట్లో ఉంటే నువ్వు నడుం వాల్చవు. మూడు గంటలు ఇల్లు చప్పుడు లేకుండా ఉంటే పడుకుంటుందిలే అనుకున్నాను. తిరిగొచ్చి చూస్తే ఏముంది, తీగ నిండా దుప్పట్లు! రోజూ దుప్పట్లే! ఇది మనిషా, యంత్రమా అనుకునేదాన్ని."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వడిగావా?"

చిక్కుడు గింజలు రెండు గిన్నెలయ్యాయి. ఒకటి షిగె పిన్నికి పంపాలంది.

తర్వాత అటక మీంచి పాత పుస్తకాలు దించాను. చిహో పుట్టిన ఏడాదిది దొరికింది. తొమ్మిది నుంచి పన్నెండు: దుప్పట్లు నాలుగు, గలీబులు, కిటికీలు. మరునాడు తొమ్మిది నుంచి పన్నెండు: దుప్పట్లు. ఆ మరునాడూ అంతే. ఒక చోట రాసి ఉంది: పాప లేనందువల్ల పని ఎక్కువ సాగింది.

అత్తయ్య చెప్పింది నిజమేనో, ఇన్నేళ్ల తర్వాత కుదిరిన మాటో నేను తేల్చలేను. దుప్పట్లు మాత్రం నిజం. నా చేతిరాతే.

జూన్ 8, ఆదివారం. మబ్బు, ఉక్క.

చిహో, షోజి, తమకి పదకొండు గంటల పడవకు వెళ్లారు. కట్టి ఇచ్చినవి: చిక్కుడు గింజల అన్నం, ఎండుచేపలు పది, పాప బట్టల మూట రెండు.

షోజి ఈసారి వచ్చేటప్పుడే ఒసాకా నుంచి తేలిక బండి తెచ్చాడు. ఆ రోజు కొట్టులో చిహో చూపించిన రకమే. చిహో నా చెయ్యి పట్టుకుంది.

"కోపం తెచ్చుకోకమ్మా. మూడు చక్రాలది నాన్నమ్మకు వదిలేస్తున్నాను."

"అది నీకు కొన్నది."

"నాకు కాదని కొన్నప్పుడే తెలుసు. పిడి మూడో మెట్టు మీద ఉంది. నేను తోస్తే మోకాళ్లు కొట్టుకుంటాయి."

పడవ కదిలాక చిహో పాప చెయ్యి పట్టుకుని ఊపింది. నేను కూడా ఊపాను. అటు వైపు రాళ్ల వీధి లేదు. నాలుగంతస్తుల మెట్లున్నాయి. ఆ సంగతి నాకు మార్చిలోనే చెప్పింది.

జూన్ 9, సోమవారం. ఎండ.

పిడి కిందికి దించాను, మొదటి మెట్టుకు. ఎర్ర మీట కిందికి నొక్కాను. మళ్లీ పైకి లేవకుండా దాని మీద గుడ్డ చుట్టి దారంతో కుట్టాను. రాయిని తువ్వాల్లో చుట్టి సీట్లో పెట్టి, పాపకు వేసే పట్టీలే వేశాను. సరిపోయాయి.

"నడుముకీ భుజాలకీ కూడానా?" అంది అత్తయ్య. "నా మొగుడు కూడా నన్నింత జాగ్రత్తగా చూడలేదు."

తొమ్మిదింటికి బయల్దేరాం. అత్తయ్య ఒక చెయ్యీ, కట్టున్న చెయ్యి మోచేతా ఆన్చి తోసింది. నేను పక్కన బండి తాడు నా మణికట్టుకు చుట్టుకుని నడిచాను. దిగుడులో చక్రం కదల్లేదు. తిన్నగా పోయింది. మలుపు దగ్గర మాత్రం నేను ముందు వైపు ఎత్తి తిప్పాల్సి వచ్చింది.

షిగె పిన్ని బయటికొచ్చింది. బండిని చూసింది, రాయిని చూసింది, నన్ను చూసింది.

"ఏమ్మా, రిపేరయిందా?"

"అయింది పిన్నీ."

"బాగా చేశాడే మేస్త్రీ. నాలుగు చక్రాలిస్తే మూడు తిరిగిచ్చాడు."

అత్తయ్యకు నవ్వు ఆగలేదు. టోఫు పలక ఒకటి బండి కింద బుట్టలో పడింది. షిగె పిన్ని నన్ను కూడా కూర్చోమని ఇంకో పెట్టె లాగింది.

జూన్ 17, మంగళవారం. వాన.

వెళ్లలేదు. అత్తయ్య గుమ్మంలో కూర్చుంటే నేనూ పక్కన కూర్చున్నాను. నిన్నటి సంగతి రాయలేదు, షిగె పిన్ని కొట్టు ముందు ఎవరో అత్తయ్యను ఆ చెయ్యేమైందని అడిగారు. నేనే చేశానని చెప్పబోయాను. నోరు తెరిచేలోపు అత్తయ్య, "కొత్త బండి కదా, అలవాటు పడాలి," అంది.

చెప్పవలసినది చెప్పలేదు. రేపు చెప్తాను.

జూన్ 18, బుధవారం.

చెప్పాను. షిగె పిన్నితో చెప్పాను, అందరూ వినేలా. పాత బండి నేనే పారేశానని, రిపేరు అబద్ధమని, మీట సంగతి తెలిసీ చెప్పలేదని.

"ఊరంతటికీ తెలిసిందే కదమ్మా," అంది షిగె పిన్ని. "మీట ఒక్కటే కొత్త."

అత్తయ్య మీట మాట ఇప్పుడే విన్నది. చాలాసేపు నా వైపు చూడలేదు. ఇంటికొచ్చేటప్పుడు కూడా చూడలేదు. భోజనం సగమే తిన్నది.

జూన్ 19, గురువారం.

ఎనిమిదిన్నరకు కేంద్రం వ్యాను ఎక్కబోతూ అంది: "మీట సంగతి ఎప్పటికీ చెప్పకుండా ఉండొచ్చు. నాకు ఎలా తెలుస్తుంది?"

"తెలియదు."

"మరి?"

వ్యాను వెళ్లిపోయింది.

జూలై 8, మంగళవారం. ఎండ.

కట్టు విప్పారు. చెయ్యి సన్నగా, తెల్లగా ఉంది. వేళ్లు అన్నీ ముడుస్తోంది. డాక్టరు జాగ్రత్తగా నడవమన్నాడు.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అంది అత్తయ్య నాతో.

"మలుపు దగ్గర ఎవరు తిప్పుతారు?"

"ఇవాళ పొద్దున షిగె మనవడి చేత ఆ కుట్టు విప్పించి నేర్చుకున్నాను, నువ్వు లోపల టోఫు కొనేటప్పుడు. మలుపులో పైకి, దిగుడులో కిందికి. తొమ్మిదిసార్లు చేసి చూశాను. నువ్వు ఇంట్లో పడుకో."

"దుప్పట్లున్నాయి."

"ఉతికితే చూడు."

జూలై 9, బుధవారం. ఎండ. గాలి లేదు.

తొమ్మిదింటికి అత్తయ్య ఒక్కతే వెళ్లింది. మలుపు దాటేదాకా చూశాను. వంగి మీట పైకి లేపింది, తిప్పింది, మళ్లీ వంగి కిందికి నొక్కింది. వెనక్కి చూడలేదు.

తొమ్మిది నుంచి పన్నెండు: పడుకున్నాను. మొదటి గంట నిద్ర పట్టలేదు. తర్వాత పట్టింది. వేరే పనులేవీ లేవు.

పన్నెండుకు గుమ్మంలో బండి చప్పుడు. సీట్లో పట్టీలతో నా రాయి. కింద బుట్టలో ఇంకో రాయి, రేవు దగ్గరిది, తడిగా, ఒక పక్క నాచుతో.

"ఇది నీకు," అంది అత్తయ్య చెప్పులు విప్పుతూ. "నీ పాతది ఇక నాదే. ఆ పుస్తకంలో నెలనెలా రాయడం మానెయ్యి."

నాచు తోమి, ఉడకబెట్టి, ముల్లంగి పీపా మీద పెట్టే ముందు తూచాను. మూడు కిలోల ఆరు వందలు. నాలుగు వందల గ్రాములు తక్కువ.

ఊరగాయ రాయి, అత్తయ్య నుంచి రావలసింది: అందింది. బాకీ తీరింది.